నా ఎర్ర కళ్ళ కోసం వచ్చిన అమ్మాయి

ఈ కాగితం సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని రాశాను. భయపడకుండా చదవండి.

బాపట్ల అంతా కళ్ళకలక. మన హాస్టల్లో అది ముందు తగులుకున్నది నాకే. నల్లద్దాలు పెట్టుకుని నాలుగు రోజులుగా చివరి గదిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. నా కళ్ళలోకి చూస్తే అంటుకుంటుందని అన్నం పళ్ళెం కూడా గుమ్మంలో పెట్టి పారిపోతున్నారు.

అలాంటిది ఈ సాయంత్రం ఒకమ్మాయి తిన్నగా లోపలికి వచ్చి నా మంచం మీద కూర్చుంది. బాగా చదివే పిల్లే. ఈ నోటీసుబోర్డు వార్డెన్ గారు కూడా చదువుతారు కాబట్టి పేరు రాయను. నన్ను చూడ్డానికి ఒక్కరైనా వచ్చారని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఒక్కసారి ఆ అద్దాలు తియ్యవే," అంది.

"వద్దే, నీకూ వస్తుంది."

"రావాలనే కదా వచ్చింది! సోమవారం పరీక్ష. పుస్తకం తెరిస్తే చేతులు వణుకుతున్నాయే. నాకు యూనివర్సిటీ ర్యాంకు వస్తుందని మా నాన్న రేపల్లె అంతా చెప్పుకున్నాడు. కళ్ళకలక వచ్చి మానేస్తే ఎవరూ ఏమీ అనరు."

నేను తేరుకునేలోగా దండెం మీది నా తువ్వాలు తీసి, కళ్ళకి గట్టిగా అద్దుకుని వెళ్ళిపోయింది.

ఇంకెవరికైనా అలా చేతులు వణుకుతుంటే ఈ కాగితం కిందే రాయండి. పేర్లు అక్కర్లేదు.

ఆ అమ్మాయికి మాత్రం ఒక మాట. అది పొద్దున్నే మరిగే నీళ్ళలో ఉడికించి ఆరేసిన తువ్వాలు. వెళ్ళి చదువుకో.