అమ్మమ్మ మోకాలు

చెవుల పరీక్ష చేసేవాళ్లకి ఓపిక ఎక్కువని అందరూ అనుకుంటారు. నాకు లేదు. ఆసుపత్రిలో ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా, పరీక్ష మధ్యలో తలుపు తోసుకొచ్చి "ఇంకా ఎంతసేపు మేడమ్?" అని అడిగేవాళ్లని చూస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. విశాఖపట్నంలో నాకు పనికేం కొదవ లేదు. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైనవాళ్లు, ఆటోనగర్‌లో రోజంతా రేకులు కొట్టేవాళ్లు, పోర్టు లారీలు నడిపేవాళ్లు వరసగా వస్తారు. నేనొకటి అడిగితే వాళ్లు "ఏటి?" అంటారు. మళ్లీ అరిచి అడుగుతాను. సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు దిగేసరికి గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఇంట్లో కూడా అరిచే మాట్లాడుతున్నానని మావాళ్ల గోల.

అలాంటి నా నోరు మూయించిన మనిషి ఒకామె ఉంది. హార్బర్‌లో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని సీతమ్మధార వీధుల్లో అమ్ముకునేది. మూడేళ్లు నిండబోతున్న మనవరాలిని నా దగ్గరికి తీసుకొచ్చేది. పాపకి పుట్టుకతోనే వినికిడి లోపం. తండ్రి బోటు మీద వేటకి వెళ్తే ఎప్పుడొస్తాడో తెలీదు. తల్లికి రొయ్యల కంపెనీలో పని. పాప పెరిగింది ఈ అమ్మమ్మ ఒడిలోనే.

చెవులకి మిషన్లు పెట్టి కొన్ని నెలలైంది. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే. ఆ మిషన్లతో పాపకి మాట వినబడుతోందా లేదా? వినబడితే వాటితోనే మాటలు నేర్పుకోవచ్చు. లేకపోతే చెవి లోపల పరికరం అమర్చే ఆపరేషన్ చెయ్యాలి, అదీ తొందరగా చెయ్యాలి. వయసు దాటేకొద్దీ మాట పట్టుబడ్డం కష్టం. నేను గీసిచ్చే గ్రాఫ్ చూసే సర్జన్ నిర్ణయం తీసుకుంటారు. ఆపరేషన్ మాట ఎత్తితే చాలు, అమ్మమ్మ పాప తలని చేత్తో కప్పేసేది. "మిషన్లు సాలమ్మా, ఇంటంది నా తల్లి," అనేది.

ఆ వయసు పిల్లలు వినబడితే చెయ్యెత్తమంటే ఎత్తరు. అందుకని ఆటలా నేర్పమంటాం. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక చింతపిక్క డబ్బాలో వెయ్యాలి. అమ్మమ్మ ఇంట్లో నేర్పి తీసుకొచ్చింది. చప్పుడు బయటికి పోని గదిలో పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెవుల్లో మిషన్లు ఉన్నాయి కాబట్టి హెడ్‌ఫోన్లు పెట్టడానికి లేదు, స్పీకర్లలోంచే చప్పుడు ఇవ్వాలి. నేను అద్దానికి ఇవతల యంత్రం ముందు కూర్చున్నాను.

మొదటి చప్పుడుకే పిక్క డబ్బాలో పడింది. తగ్గించాను. పడింది. ఇంకా తగ్గించాను. మళ్లీ పడింది. అబ్బో అనుకున్నాను. నిజం చెప్పాలంటే సంతోషంతో కుర్చీలో ముందుకి జరిగాను. అంతలోనే అనుమానం వచ్చింది. అంతకుముందు పాప నిద్రపోతున్నప్పుడు తలకి వైర్లు పెట్టి చేసిన పరీక్షలో దాదాపు ఏ చప్పుడుకీ స్పందన రాలేదు. ఎంత మంచి మిషన్లు పెట్టుకున్నా అంత సన్నటి చప్పుడు ఆ పిల్లకి వినబడే వీల్లేదు. మరి ఎలా వేస్తోంది?

పాప చేతిని చూడ్డం మానేసి అమ్మమ్మని చూశాను. చప్పుడు ఇచ్చాను. చీర కింద ఆమె కుడి మోకాలు రవ్వంత లేచింది. పిక్క పడింది. మళ్లీ ఇచ్చాను. మోకాలు, వెంటనే పిక్క.

లోపలికి వెళ్లి, "అమ్మా, మీరు కాలు కదుపుతున్నారు," అన్నాను.

"నానేటి కదిపినాను? బొమ్మలాగ కూకున్నాను కదమ్మా."

అబద్ధం కాదు. కదుపుతున్నానని ఆమెకే తెలీదు. కాళ్లు చాపి కూర్చోమన్నాను. ఈసారి పాప నడుం చుట్టూ ఉన్న చెయ్యి బిగిసింది. చేతులు వదిలెయ్యమన్నాను. చప్పుడు రాగానే ఊపిరి బిగబట్టింది. ఆమె గుండెకి వీపు ఆనించి కూర్చున్న పాపకి అది కూడా చాలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కోపం వస్తే నాకు మా ఊరి మాటే వస్తుంది, పిల్ల కాస్తా గుంట అయిపోతుంది. "ఏటమ్మా నువ్వు? పరీక్ష గుంటకా, నీకా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది, ఒళ్లో పాపని చూసింది. ఏదో లెక్క సరిచూసుకుంటున్నట్టు డబ్బాలోని పిక్కల వైపు చూసింది.

"అయితే ఇన్నాళ్లూ ఇన్నది నానేటి?"

నా కోపం అక్కడికక్కడే చచ్చిపోయింది. తలూపాను.

"ఈదిలో అందరికీ సెప్పుకున్నాను తల్లీ, మా గుంటకి ఇనబడిపోతందని," అంది. తర్వాత తనే మెల్లగా చెప్పుకొచ్చింది. "హార్బర్లో ఎనక నుంచి బళ్లొత్తాయి. ఐసు పెట్టెలు లాక్కెళ్తారు. పిలిత్తే దీనికి ఇనబడదు కదా. అందుకే సేపలు ఏరినా, బేరం సేసినా ఒళ్లోనే ఎట్టుకుంటాను. నా కాలు కదిలితే సాలు, తలెత్తి సూసుకుంటాది."

అప్పటికి నాకు అర్థమైంది. ఆ హార్బర్ రద్దీలో ఆ పిల్లకి గీత కూడా పడకుండా ఇన్నాళ్లూ కాపాడింది ఆ మోకాలే. ఎవరూ నేర్పలేదు, ఇద్దరూ మాట్లాడుకుని పెట్టుకున్న గుర్తూ కాదు. రోజంతా ఇద్దరి కోసం తనే విని, విన్నదంతా ఒళ్లోంచి పిల్లకి అందించింది. నేను చదివిన చదువులో ఇలాంటి మనిషి గురించి ఒక్క ముక్క లేదు. ఆమె మీద నాకు ఎంత గౌరవం కలిగిందో చెప్పలేను. కానీ ఆ గౌరవంతో గ్రాఫ్ గీస్తే, పాపకి బాగా వినబడుతోందని కాగితం మీద పడుతుంది. ఆపరేషన్ ఉండదు. పిల్లకి మాట రాదు.

ఆమెకి కావలసింది కూడా అదే కదా, ఆపరేషన్ లేకపోవడం. బతిమాలుతుందేమో, అలాగే రాసిమ్మంటుందేమో అని భయపడ్డాను. ఆమె ఆ మాట ఎత్తలేదు.

"మరి దీనికి నిజంగా ఎంత ఇంటాదో ఎలా తెలుస్తాదమ్మా?"

"మీ ఒళ్లో లేకుండా చెయ్యాలి. మీకు కూడా చప్పుడు వినబడకుండా చెయ్యాలి."

"ఓరం రోజులు టైమియ్యి," అని లేచింది.

చెప్పినట్టే వారం తర్వాత వచ్చింది. ఆ వారం ఇంట్లో ఏం చేసిందో నవ్వుతూ చెప్పింది. పాపని ఎదురుగా పీట మీద కూర్చోబెట్టి, కూతురి చేత పాప వెనక నుంచి గట్టిగా పళ్లెం వాయింపించిందట. తన కాళ్లు మాట వినడం లేదని, అల్లుడి వల తాడుతో రెండు మోకాళ్లూ కలిపి కట్టించుకుందట.

"మా కూతురు ఒకటే నవ్వు. గుంట మాత్రం నాకేసి సూసి ఏడిసింది. నాను దాన్ని ఒగ్గేసినాననుకున్నాది. ఓర్సుకున్నాను, ఏటి సేత్తాను?" అంది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

గదిలో పాపని చిన్న కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి అందులో హోరు పెట్టాను. జోరువానలో నిలబడినట్టు ఉంటుంది, బయటి చప్పుడు ఏదీ చెవికెక్కదు. సరిగ్గా పనిచేస్తోందో లేదోనని వెనక నుంచి "వంజరం ఎంతకిస్తావ్?" అని అరిచాను. చేపలమ్మే మనిషి, బేరం వినబడితే తిరక్కుండా ఉంటుందా? తిరగలేదు.

అద్దానికి ఇవతలికొచ్చి సన్నగా మొదలుపెట్టాను. పాప చింతపిక్క పట్టుకుని అమ్మమ్మ మొహమే చూస్తోంది. ఆ మొహంలో ఏమీ లేదు. పెంచాను. పాప కదల్లేదు. ఇంకా పెంచాను. పాప పెదవి వణికింది, ఏడుపులోకి దిగేలా ఉంది. అమ్మమ్మ చేతులు కట్టుకుని, నేల మీద పాదాలు నొక్కి పెట్టి, కనురెప్ప కూడా వాల్చకుండా కూర్చుంది. ఇంత బాధ ఈవిడకెందుకు పెట్టానురా దేవుడా అనిపించింది. ఆపేద్దామనుకుంటూనే మరో మెట్టు పెంచి, డప్పు మోతలాంటి బండ చప్పుడొకటి ఇచ్చాను.

పాప తల పక్కకి తిప్పింది. పిక్క డబ్బాలో వేసింది.

అమ్మమ్మ మొహం అలాగే ఉంచి, కళ్లు మాత్రం అద్దంలోంచి నా వైపు తిప్పింది. చప్పుడు వచ్చిందా, ఊరికే వేసిందా? ఆమెకి తెలీదు. నేను తలూపాను. ఇంకోసారి ఇచ్చాను. ఇంకో పిక్క పడింది. మళ్లీ తలూపాను. ఆమె కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు.

బయటికొచ్చాక గ్రాఫ్ చూపించి ఉన్నమాట చెప్పాను. బాగా పెద్ద చప్పుళ్లు, అవీ బండవి మాత్రమే పాపకి తెలుస్తున్నాయి. మాట వినబడడానికి అది చాలదు, మిషన్లతో పని జరగదు, ఆపరేషనే దారి.

"ఉన్నది ఉన్నట్టు రాసియ్యమ్మా. సేయిద్దాం," అంది. ఈసారి చెయ్యి పాప తల మీదకి పోలేదు.

నేను కాగితం రాస్తుంటే ఆమె గుమ్మం దగ్గర నిలబడి కూతురికి ఫోన్ చేసింది. ఆపరేషన్ సంగతి చెప్తుందనుకున్నాను. అది తర్వాత చెప్పింది. ముందు చెప్పింది వేరు. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూసేలా, వీధుల్లో చేపలు కేకేసే గొంతుతో చెప్పింది.

"నాకేటీ ఇనబడలేదే. నా సెవుల్లో హోరెట్టేసినారు. అదొక్కత్తే ఇన్నాది."