అయ్యగారి మాట, నా హిందీ

దాదర్ స్టేషన్‌లో బండి ఆలస్యమని ముందు మరాఠీలో చెప్పి, తర్వాత హిందీలో చెబుతారు. ఆ రెండు గొంతుల మధ్య చిన్న విరామంలో నా పెదవులు ఇప్పటికీ కదులుతాయి. ఒకప్పుడు ఆ విరామం నాది.

ఎనభైల్లో, కామాటిపురాలో మేం అద్దెకుండే చాల్ భవనం కింది గదిలో దానియేలు అయ్యగారు ఆదివారం ప్రార్థన నడిపేవారు. కృష్ణా జిల్లా మనిషి. భార్య పోయాక ఒంటరిగా వచ్చారు. పాలమూరు నుంచి వచ్చిన కూలి కుటుంబాలు కొన్ని చాపల మీద కూర్చునేవి. ఆత్మావేశం కలిగితే ఆయన అన్యభాషల్లో ప్రార్థించేవారు. హిందీ మాత్రం పట్టుబడలేదు. "పరలోకం భాష వచ్చె గని, నాగ్‌పాడా భాష రాకపాయె అయ్యగారూ," అని నర్సింలు మేస్త్రి ఆటపట్టిస్తే ఆయనే ముందు నవ్వేవారు. నేను ఆయన తెలుగును హిందీలో చెప్పేవాణ్ణి. మొదట తెలుగు మరిచిపోతున్న మా పిల్లల కోసం. తర్వాత, పక్క గల్లీలో గిరాకీల కోసం గుమ్మాల్లో నిలబడే ఆడవాళ్ళు వచ్చి వెనక కూర్చోసాగారు, వాళ్ళ కోసం. ఊళ్ళో నన్ను ఎవరూ పట్టించుకోని వయసులో, "నువ్వు లేకపోతే నేను మూగవాణ్ణి నాయనా," అన్న మనిషి ఆయన.

మేస్త్రికి వాళ్ళు రావడం నచ్చలేదు. "గీ ఆడోళ్ళ పక్కన మా పిల్లలు ఎట్ల కూసుంటర్రా? జర చెప్పు మీ అయ్యగారికి," అన్నాడు. మేస్త్రి కూతురితో నా పెళ్ళి మాటలు నడుస్తున్నాయి. చెప్పాను. అయ్యగారు ఆ ఆదివారం ప్రసంగంలోనే జవాబిచ్చారు: "వెనక కూర్చున్న ఈ అక్కచెల్లెళ్ళు మనకంటే ముందు పరలోకంలో అడుగుపెడతారు."

మావాళ్ళ ముఖాలు ముడుచుకున్నాయి. మేస్త్రి నన్నే చూస్తున్నాడు. వెనక ఉన్నవాళ్ళు ఆ పని మానేదాకా ఇక్కడికి రాకూడదని నేను హిందీలో అన్నాను.

వాళ్ళలో పెద్దది, మీనా, లేచి నిలబడింది. "పాస్టర్‌జీ, ఆప్‌నే యహీ బోలా?" మీరన్నది ఇదేనా అని. కాదంటారేమోనన్న ఆశ ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది. ఆమె సంతోషంతో ఏదో అంటోందనుకున్నారు అయ్యగారు. చేతులు జోడించి, నవ్వుతూ, "హా బెహన్, హా," అని తనకొచ్చిన రెండు హిందీ ముక్కల్లో అవునన్నారు.

వాళ్ళు మళ్ళీ రాలేదు. మాకంటే ముందు వాళ్ళా అని మావాళ్ళూ మానుకున్నారు. హిందీ తెలిసినవాళ్ళందరూ నా మాట విన్నారు; ఒక్కరూ అయ్యగారికి చెప్పలేదు.

"నేనన్నదే చెప్పావు కదా నాయనా?" అని ఒక్కసారి అడిగారు.

"చెప్పిన అయ్యగారూ."

నమ్మారు. తప్పు తన నోటిదే అనుకుని ఉపవాసం పట్టారు. ఖాళీ చాపల ముందు మోకరించి, "ప్రభువా, నా మాటలో ఏ గర్వం వాళ్ళను గాయపరిచిందో చూపించు," అని ఏడుస్తుంటే నేను పక్కనే ఉన్నాను. ఆమేన్ కూడా అన్నాను. కొన్నాళ్ళకు ఆ గదిలోనే పోయారు. శవపేటిక మోయడానికి మనుషులు చాలక పై అంతస్తు నుంచి పిలుచుకొచ్చాం.

ఆడవాళ్ళను గెంటేసిన పాస్టరు అని ఆ పక్క గల్లీలో పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆ మాట ఆయనది కాదు. నాది.

చాలా ఏళ్ళకు నాగ్‌పాడాలో చాయ్ బండి దగ్గర మీనా కనిపించింది. ఆయన నిజంగా అన్నదేమిటో చెప్పాను. గ్లాసు కడుగుతున్న చెయ్యి ఆగింది.

"ఈ సంగతి ఆయనకు చెప్పావా?" అంది హిందీలో.

లేదన్నాను. ఆమె మళ్ళీ గ్లాసు కడగసాగింది. ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. ఏ భాషలో నన్ను నేను ప్రశ్నించుకున్నా జవాబు మారదు.