తొమ్మిదిమందితో మొదలైన మ్యాచ్

1981 జూలైలో నందిగామలోని ఒక డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టరుగా చేరాను. కాలేజీలో అందరూ 'పీడీ గారు' అంటారు. లెక్చరరుతో సమానమైన హోదా అని ఉత్తర్వులో ఉంటుంది గానీ, స్టాఫ్ రూములో మా కుర్చీ ఎప్పుడూ తలుపు పక్కనే. ఆటల టైం టేబుల్, మైదానం, సామాను గది, జట్ల ఎంపిక, వాటిని వెంటబెట్టుకుని ఊళ్లు తిరగడం మా పని. ఏ ఆటకూ విడిగా శిక్షకుడుండడు కాబట్టి ఫుట్‌బాల్ శిక్షకుణ్ణీ నేనే, మేనేజర్నీ నేనే, దెబ్బ తగిలితే కట్టు కట్టేదీ నేనే.

నాకు ముందున్న పీడీ గారు ఆ జూన్‌లోనే రిటైరయ్యారు. ఫుట్‌బాల్‌లో ఆయనకు మంచి పేరు. ఆయన పద్ధతి ఒకటే. మధ్యలో ఆడే ఇద్దరు సీనియర్లు బంతిని ఎత్తి ముందుకు పంపాలి, ముందున్న శేషగిరి పరుగెత్తి అందుకుని గోల్ కొట్టాలి. శేషగిరిది జగ్గయ్యపేట. బీఎస్సీ రెండో సంవత్సరం పూర్తిచేసి మూడో ఏడులోకి వచ్చాడు. పొడగరి, పరుగులో అతణ్ణి అందుకునేవాడు జిల్లాలో లేడనేవారు. నేను చేరేనాటికే అతను కెప్టెన్.

వర్షాలు తగ్గాక మైదానంలోకి దిగితే అసలు సంగతి తెలిసింది. బంతి అందించే ఆ ఇద్దరు సీనియర్లూ చదువు ముగించి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు బంతి కాలికి తగలగానే కళ్లు మూసుకుని ముందుకు తన్నేవాళ్లు. అది శేషగిరికి అందితే అందినట్టు, లేకపోతే లేదు. పైగా అవతలి జట్లన్నిటికీ మా పద్ధతి కంఠతా వచ్చు. అతని చుట్టూ ఇద్దర్ని నిలబెడితే చాలు, మా ఆట అయిపోయినట్టే.

నేను శిక్షణ పొందిన చోట బంతిని నేల మీద, చిన్న చిన్న పాసులతో ముందుకు తీసుకెళ్లడం నేర్పారు. అలా ఆడాలంటే మధ్యలో చూపు ఉన్నవాడు ఒకడుండాలి. జట్టులో ఆ చూపున్నది ఒక్క శేషగిరికే. అందుకని అతణ్ణి సెంటర్ ఫార్వర్డు స్థానం నుంచి వెనక్కి, హాఫ్‌బాక్ స్థానానికి మార్చాను. అంటే గోల్ కొట్టే చోటు నుంచి బంతి పంచిపెట్టే చోటుకు.

"గోల్ కొట్టేవాణ్ణి తీసుకెళ్లి మధ్యలో పెడితే గోల్ ఎవరు కొడతారండి?" అని అడిగాడు.

న్యాయమైన ప్రశ్నే. నిరుడు అతను కొట్టిన గోల్స్ వెనక ఇద్దరున్నారనీ, ఇప్పుడు వాళ్లు లేరు కాబట్టి ముందు ఆ లోటు పూడాలనీ చెప్పాను. "సరేనండి" అన్నాడు. ఒప్పుకున్నాడని నాకు అనిపించలేదు. పెద్దవాళ్లు చెబితే కాదనకూడదని ఆ మాట అన్నాడంతే.

యూనివర్సిటీ అంతర్ కళాశాలల టోర్నమెంటులో ఆ ఏడు మా గ్రూపులో ఆరు జట్లు. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో ఒక్కోసారి ఆడాలి. గుడివాడలో మొదటి మ్యాచ్ రెండు గోల్స్ తేడాతో ఓడిపోయాం. రెండోది మా నందిగామ మైదానంలోనే. నల్లరేగడి నేల, ముందురోజు జల్లు పడింది. చిన్న పాసులకు బంతి కదలక బురదలో ఆగిపోతుంటే గట్టు మీద కూర్చున్న జనం, "ఒరేయ్, ఎత్తి కొట్టండ్రా!" అని అరిచారు. అదీ ఓడిపోయాం. విజయవాడలో మూడోది ఐదు గోల్స్‌తో. నాలుగోది బందరులో, అదీ ఓటమే.

ఆ నాలుగు మ్యాచ్‌ల్లోనూ మా జట్టు ఒక్క గోల్ కూడా కొట్టలేదు. స్టాఫ్ రూములో నా మొహం మీద ఎవరూ ఏమీ అనలేదు గానీ, పాత పీడీ గారి పేరు మాత్రం తరచూ వినపడేది.

ఆ రోజుల్లో నాకు ధైర్యం ఇచ్చినవాడు మస్తాన్ ఒక్కడే. అతను మా గోల్‌కీపరు, పెనుగంచిప్రోలు కుర్రాడు. డైవ్ చేయడం నేర్పాలంటే మెత్తటి నేల కావాలి. మా మైదానంలో పడితే మోచేతులు చెక్కుకుపోతాయి. అందుకని ఆదివారాలు నేను పెనుగంచిప్రోలు వెళ్లి మున్నేటి ఇసుకలో అతనికి బంతులు విసిరేవాణ్ణి. మొదట్లో బంతిని చూసి పడేవాడు. పోనుపోను, కొట్టేవాడి నడుము చూసి పడడం వచ్చింది. ఐదు గోల్స్ పడ్డ విజయవాడ మ్యాచ్‌లో అతను ఆపినవి అంతకు రెట్టింపు. కానీ స్కోరు మాత్రమే తెలిసినవాళ్లకు ఆ మాట చెప్పి ఒప్పించడం కష్టం.

బందరు నుంచి వచ్చిన మర్నాడు శేషగిరి నా గదికి వచ్చి జెర్సీ బల్ల మీద పెట్టాడు.

"నేను తప్పుకుంటున్నానండి. మా ఊళ్లో తల ఎత్తుకోలేకపోతున్నా. ఎవడు కనపడినా ఎన్ని గోల్స్ పడ్డాయిరా అంటన్నాడు."

నేను కారణాలు మళ్లీ చెప్పబోయాను. అతను వినదలచుకోలేదు. అతనితోపాటు జగ్గయ్యపేట నుంచి బస్సులో వచ్చే మరో ముగ్గురు కూడా మానేశారు. ఇంకో ఇద్దరు జ్వరాలతో పడకేశారు. పదిహేనుమందికి తొమ్మిదిమంది మిగిలారు. ఆఖరి మ్యాచ్ ఆ వచ్చే బుధవారం, జగ్గయ్యపేట హైస్కూలు మైదానంలో.

ప్రిన్సిపాల్ గారు పిలిపించారు. ఆయన భౌతికశాస్త్రం మనిషి, మాటలు పొదుపు.

"ఎంతమందిని దింపగలరు?"

"తొమ్మిదిమందినండి."

"చాల్తారా?"

"నియమం ప్రకారం ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టొచ్చండి."

"నేను నియమం అడగలేదు," అన్నారాయన.

వెళ్లకపోతే ఏమవుతుందని అడిగారు. అవతలి జట్టు ఆడకుండానే గెలిచినట్టు లెక్క, దాన్ని వాకోవర్ అంటారు. లీగ్ మధ్యలో ఆపేసిన కాలేజీకి మరుసటి ఏడు ప్రవేశం ఉండదని చెప్పాను. ఒక ఏడు ఆడకపోతే మా కాలేజీలో ఫుట్‌బాల్ మళ్లీ లేవదని మా ఇద్దరికీ తెలుసు. అప్పటికే ఆ మైదానాన్ని వాలీబాల్ కోర్టులుగా మార్చాలని అడిగేవాళ్లు కమిటీలో ఉన్నారు. ప్రిన్సిపాల్ గారు, "అయితే వెళ్లండి. పది గోల్స్ పడితే మాత్రం పేపర్లో రాకుండా చూసుకోండి," అన్నారు.

ఆదివారం మున్నేటికి వెళ్లే బదులు జగ్గయ్యపేట బస్సెక్కాను. శేషగిరి తండ్రికి బస్టాండు దగ్గర ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. శేషగిరి అక్కడే కిరసనాయిల్లో ఏవో భాగాలు కడుగుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు గానీ, దగ్గరికి రాలేదు. తండ్రే స్టూలు తుడిచి వేశాడు.

"రండి మాస్టారూ, కూచోండి. నేను కూడా మిమ్మల్ని ఒక మాట అడగాలనుకుంటున్నా. నందిగామలో మ్యాచ్ చూశానండి. మావాడు అంత కష్టపడి బంతి సంపాదించి, తీరా చూస్తే పక్కోడికి ఇచ్చేస్తన్నాడు. అదేం ఆటండీ?"

ఇంజను బాగుచేసే మనిషికి ఇంజను భాషలో చెప్పొచ్చు కదా అనుకుని ఏదో మొదలుపెట్టాను. సగంలోనే ఆయన చెయ్యి అడ్డంపెట్టాడు.

"అవన్నీ నాకెందుకండీ. వాణ్ణి ముందు ఆడిస్తానని ఒక్క మాట అనండి. బుధవారం నేనే తీసుకొచ్చి మైదానంలో నిలబెడతా."

శేషగిరి చేతిలో పని ఆగింది. ఆ ఒక్క మాట అనడం ఎంత తేలికో నాకు ఇప్పటికీ గుర్తుంది. అతను వస్తే మిగతా ముగ్గురూ వస్తారు, జట్టు నిండుతుంది. కానీ మిగిలిన తొమ్మిదిమందీ నెలల తరబడి ఆ కొత్త పద్ధతినే సాధన చేశారు, దాంతోనే ఓడిపోయారు, అయినా మానలేదు. మానేసినవాడి కోసం వాళ్ల ఆట మార్చేస్తే వాళ్లకు నేనేం చెప్పాలి?

"ఆ మాట ఇవ్వలేనండి," అన్నాను. శేషగిరి వైపు తిరిగి, "నీ పేరు రిఫరీకి ఇస్తున్నాను. వస్తే ఆడతావు" అని మాత్రం చెప్పాను.

"నేను రానండి," అన్నాడు.

చిల్లకల్లు దాటేదాకా బస్సులో అదే ఆలోచన. పంతానికి పోయి జట్టును పోగొట్టుకుంటున్నానేమో అనిపించింది. వెనక్కి వెళ్లి ఆ మాట ఇచ్చేద్దామని కూడా ఒకసారి అనిపించింది. బస్సు నడుస్తూనే ఉంది. నేను దిగలేదు.

బుధవారం సాయంత్రం మైదానం చుట్టూ జనం బాగానే చేరారు. అవతలిది విజయవాడలోని మరో కాలేజీ జట్టు. మ్యాచ్‌కు ముందు పీడీ తన ఆటగాళ్ల పేర్లు రాసి రిఫరీకి ఇవ్వాలి. అందులో పేరున్నవాడు ఆలస్యంగా వచ్చినా, రిఫరీ అనుమతితో ఆట మధ్యలో దిగొచ్చు. పేరు లేనివాడు మొదటే వచ్చి నిలబడినా కుదరదు. నేను పదకొండు పేర్లూ రాశాను. వాటిలో శేషగిరిదీ, అతనితోపాటు మానేసిన ముగ్గురిలో ఒకడైన రమణదీ ఉన్నాయి. రిఫరీ మా వైపు చూసి, తలలు లెక్కపెట్టుకుని, "మొదలుపెట్టమంటారా?" అన్నాడు. మొదలుపెట్టమన్నాను.

మొదటి సగంలోనే రెండు గోల్స్ పడ్డాయి. తొమ్మిదిమందితో అంతకన్నా ఆపడం కష్టం. మస్తాన్ ఎడమకీ కుడికీ పడుతూనే ఉన్నాడు. అతని గోల్ వెనక గుంపులో శేషగిరి, రమణ నిలబడి ఉండడం నేను అప్పటికే చూశాను. చూడనట్టే ఉన్నాను. ఊరివాళ్లు ఊరుకోలేదు. "మీ కాలేజీవాళ్లు ఇద్దరు తక్కువై చస్తంటే మీరిక్కడ బఠాణీలు తింటన్నారా?" అని ఎవరో అనడం నా దాకా వినపడింది.

బంతి బయటికి పోయి ఆట ఆగినప్పుడు మస్తాన్ వెనక్కి తిరిగాడు. అతనికి కోపం రావడం నేను చూడటం అదే మొదలు.

"శేషూ, చూడ్డానికొచ్చావా, ఆడ్డానికొచ్చావా? సార్ నీ పేరు తీసెయ్యలా. రాసే ఇచ్చారు."

విరామంలో ఇద్దరూ నా దగ్గరికి వచ్చారు. శేషగిరి తల వంచుకుని లేడు, నిటారుగానే ఉన్నాడు.

"నన్నెక్కడ ఆడమంటారండి?"

"మధ్యలోనే."

అతను రమణను సైకిలు మీద ఇళ్లకు పంపి ఇద్దరి బూట్లూ తెప్పించాడు. జెర్సీలు నా సంచిలోనే ఉన్నాయి. రెండో సగం మొదలైన కాసేపటికి, బంతి బయటికి పోయినప్పుడు రిఫరీ చెయ్యి ఊపితే ఇద్దరూ లోపలికి దిగారు. చుట్టూ జనం ఈలలు వేశారు.

ఆ తర్వాత కాసేపు మా జట్టు నేను అనుకున్నట్టే ఆడింది. శేషగిరి బంతి అందుకుని తలెత్తి చూసి, ఎడమ వైపు పరుగెత్తే కుర్రవాడి ముందుకు కొలిచినట్టు రెండుసార్లు పంపాడు. రెండుసార్లూ ఆ కుర్రవాడు గోల్ పక్కనుంచి బయటికి కొట్టాడు. మూడోసారి అవతలి వెనక ఆటగాళ్లిద్దరూ ముందుగానే ఆ ఎడమ వైపుకు జరిగిపోయారు. మధ్యలో దారి తెరుచుకుంది. నేను గీత పక్కనుంచి "ఇవ్వు, ఇవ్వు!" అని అరుస్తున్నాను. శేషగిరి ఇవ్వలేదు. అంత దూరం నుంచే కొట్టాడు. బంతి పై కర్రకు తగిలి లోపల పడింది.

ఆ ఏడు మేం కొట్టిన గోల్ అదొక్కటే. ఊరు ఊరంతా లేచి నిలబడింది. శేషగిరి నా వైపు చూశాడు. నేను చప్పట్లు కొట్టాను. ఆఖర్లో, సమం చేయాలని అందరూ ముందుకు పోయిన సమయంలో, అవతలివాళ్లు మూడో గోల్ వేశారు. మూడు ఒకటితో ఓడిపోయాం. ఐదు మ్యాచ్‌లు, ఐదు ఓటములు.

ఆట అయ్యాక శేషగిరి తండ్రి గుంపును తోసుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. "చూశారా మాస్టారూ, ఇదండీ ఆటంటే!" అన్నాడు. నిజమేనన్నాను. అవతలి ఇద్దరూ ఎడమ వైపుకు ఎందుకు జరిగారో వివరించే ప్రయత్నం చేయలేదు. ఆయన సంతోషంగా ఉన్నాడు, నా జట్టులో పదకొండుమంది ఉన్నారు. ఆ పూటకు అది చాలు.

మరుసటి ఏడు మా ప్రవేశం నిలబడింది. రెండు మ్యాచ్‌లు గెలిచాం, కప్పు రాలేదు. శేషగిరి అప్పటికి డిగ్రీ పూర్తిచేసి తండ్రి షెడ్డులో కుదురుకున్నాడు. వాలీబాల్ కోర్టుల మాట ఆ ఏడు కమిటీలో ఎవరూ ఎత్తలేదు. నేను ఆ కాలేజీలో ఇంకా చాలా కాలం పనిచేశాను. కొన్నేళ్లు గెలిచాం, ఎక్కువ ఏళ్లు ఓడిపోయాం.

ఆ ఏడాది నుంచి నా పద్ధతిలో ఒక సంగతి స్థిరపడింది. ఓడిపోతున్న జట్టులో నేను మొదట చూసుకునేది ఎంతమంది వస్తున్నారన్నది. ఎలా ఆడుతున్నారన్నది ఆ తర్వాత. రానివాడి కోసం వచ్చినవాళ్ల ఆట మార్చకూడదు. అలాగని రానివాడి పేరును ముందే కొట్టేయకూడదు. రిఫరీకి అందించే కాగితం మీద కూడా ఆ పేరు ఉంచేవాణ్ణి. కొందరు వచ్చారు. చాలామంది రాలేదు. కాగితం మీద ఒక పేరు ఎక్కువైనందువల్ల నా జట్టుకు ఎన్నడూ నష్టం జరగలేదు.