పెనిమిటి పేరు

సాయుధ పోరాటం సాగుతున్న రోజులు. మానుకోటలో రైలెక్కిన ఒకామె నా ఎదుట కూర్చుంది. పత్రికలో పనికోసం నేర్చుకుంటున్న ఇంగ్లిషు మాటలను నేను పైకే చదువుకుంటున్నాను.

"ఏంది తమ్మీ, మంత్రమా?"

"కష్టమొచ్చే ముందు మనసు గట్టిచేసుకునే మాటలక్కా. ఇంగ్లిషోళ్లు పండ్లు బిగవట్టుమంటరు, తూటా కొరుకుమంటరు, గుండెను ఉక్కు చేసుకొమ్మంటరు."

ఆమె నవ్వింది. "పండ్లు బిగవడితె పేరెట్ల చెప్త?"

పోలీసులు పట్టుకుపోయిన ఆమె భర్త వరంగల్ జైల్లో ఉన్నాడో, అసలు ఉన్నాడో లేడో తెలియదు. పోయినసారి గేటు దగ్గర పేరడిగారట. పెనిమిటి పేరు నోట పలకకూడదు కదా, తల వంచుకుని తిరిగొచ్చేసింది.

"గీసారి చెప్త. మా బర్రెను ఆ పేరుతోని పిలిచి పిలిచి నేర్చుకున్న. ఇప్పుడు బర్రె పల్కుతున్నది. ఇగ ఆయిన పల్కాలె."

వరంగల్‌లో దిగి మా కిటికీ దగ్గర ఆగింది. నోటికి అడ్డంగా ఉన్న కొంగు తీసి, ఆ పేరు ఒక్కసారి గట్టిగా అంది.

"సక్కగ ఇనవడ్డదా తమ్మీ?"

"ఇనవడ్డదక్కా."

రైలు కదిలింది.

ఆ పేరు చాలామందికి ఉంటుంది. ఎక్కడ ఎవరు పిలిచినా, బదులు వినబడేదాకా నేను ఇప్పటికీ ఆగుతాను.