మునీంద్ర ముక్కు

కార్ల మెకానిక్ మునీంద్ర చేతిలో వరముందని రాబర్ట్‌సన్‌పేటలో అంటారు. వరం కాదు, ఉన్నది ముక్కు. బండి కింద కారిన ఆయిల్‌ను రెండు వేళ్ళ మధ్య రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూస్తాడు. అప్పుడెవరైనా మాట్లాడితే చెయ్యెత్తి ఆపుతాడు. ఆ రోజు వచ్చింది బట్టలకొట్టు మీనాక్షమ్మ కారు. మోకాలు అరిగి క్లచ్ తొక్కలేకనే ఆమె ఆటోమేటిక్ కొనుక్కుంది. దాంట్లో పైదాకా బట్టల మూటలు నింపి, ఎండలో మిట్ట ఎక్కించేసరికి బండి కాగిపోయి, గేరుబాక్సు కింద ఎర్రటి ఆయిల్ మడుగు కట్టింది.

“గేరుబాక్సు పోయిండాది. దీన్ని అమ్మేసి డ్రైవరును పెట్టుకోమ్మా,” అన్నాడు ఆమె కొడుకు లోకేశ్. “నేను యాడికి పోతాండానో వానికి చెప్పుకోవాల్నా?” అంది మీనాక్షమ్మ. మునీంద్ర చెయ్యెత్తాడు. ఇద్దరూ ఆగారు. “మాడిన వాసన లేదు. గేరుబాక్సు బాగుండాది,” అన్నాడు. కారు అడుగంతా తుడిచి, షెడ్డులో ఎప్పుడూ ఉంచుకునే ముగ్గుపిండి దానికి అద్ది, ఇంజను ఆన్ చేశాడు. కాసేపటికి తెల్లటి పిండిలో ఎర్రగీత పాకింది, ఆయిల్‌ను చల్లబరిచే రబ్బరు పైపు మూతి దగ్గర్నుంచి. “వేడికి పైపు పగిలిందప్పా. మారిస్తే సరిపోతాది. ఇంగ మూటలకు ఆటో మాట్లాడుకోమ్మా,” అంటూ ఇంజను ఆపాడు. లోకేశ్ నోరు తెరిచేలోగా, పైపు మార్చేదాకా కూడా ఆగకుండా మీనాక్షమ్మ స్టీరింగు ముందు కూర్చుని తలుపేసుకుంది. “ఆటో మూటలకేరా, నాకు గాదు.”