చేతులు ఆనించకుండా లేవండి

మా వదిన కళ్ళెదుట ఎవరూ కుర్చీలోంచి ఊరికే లేవడానికి వీల్లేదు. లేచారో, ఆమె మెడలోని స్టాప్‌వాచ్ టిక్కుమంటుంది. పెద్దవయసు వాళ్ళను మళ్ళీ నడిపించే ఫిజియోథెరపిస్టు ఆమె. ఆమె పనిచేసే క్లినిక్‌లోనే రిసెప్షన్ నాది. అంటే ఇంట్లోనూ, ఆఫీసులోనూ నాకు విముక్తి లేదు.

చుట్టాలు వెళ్ళొస్తామని లేస్తే చాలు, "బాబాయిగారూ, చేతులు ఆనించారు. లెక్కలోకి రాదు. కూర్చుని మళ్ళీ లేవండి," అంటుంది. పాపం ఆయన కూర్చుంటాడు. కూర్చున్నాక మర్యాదకు ఇంకో కాఫీ ఇవ్వక తప్పదు. మా అన్నయ్యయితే సోఫా మానేసి, గోడకు ఆనుకుని నిలబడే పేపరు చదువుతున్నాడు.

క్లినిక్‌లో ఆమె పెట్టే పరీక్ష చూడాలి. కుర్చీలోంచి లేవాలి, నేల మీది పసుపు టేపు దాకా నడవాలి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోవాలి. ఎవరికైనా అదే కుర్చీ, అవే మాటలు, అదే రాతిమొహం. శభాష్ అనదు, నవ్వదు.

ఒకరోజు తుంటి ఆపరేషనయిన టైలరమ్మను ఇద్దరు కొడుకులు చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు.

"అమ్మ సొంతంగా లేవలేదు మేడమ్," అన్నాడు పెద్దవాడు. "షాపు మూసెయ్యమంటే వినదు. మీరైనా పరీక్ష చేసి చెప్పండి."

"షాపు లేకపోతే రోజంతా గోడలు చూస్తూ కూర్చోనా?" అంది టైలరమ్మ.

"రెక్కలు వదలండి," అంది వదిన.

"పడిపోతుంది మేడమ్!"

"పట్టుకోడానికి నేనున్నాను. మీరు వదలండి."

టైలరమ్మ ఎలాగో లేచి నడిచింది. టేపు దగ్గర తిరగబోయి తూలింది. వదిన ఠక్కున పట్టుకుంది.

"వదినా, కాస్త చూసీచూడనట్టు పోరాదూ?" అన్నాను చెవిలో.

"పోను. షాపులో తూలితే ఎవరు పట్టుకుంటారు?" అని కొడుకుల వైపు తిరిగింది. "నెల గడువివ్వండి. నేను నేర్పిస్తాను. ఈలోగా ఇంట్లో ఆవిడ అడక్కుండా ఎవరూ చెయ్యందివ్వకండి."

నెల తర్వాత మళ్ళీ పరీక్ష. కొడుకుల చేతులు అలవాటుగా ముందుకొచ్చి, వదిన చూపు చూసి జేబుల్లోకి పోయాయి. టైలరమ్మ లేచింది. నడిచింది. టేపు దగ్గర చిన్న చిన్న అడుగులతో జాగ్రత్తగా తిరిగి, వచ్చి కూర్చుంది.

వదిన వాచీ చూసింది. "షాపు తెరుచుకోవచ్చు."

నేను ఆనందం పట్టలేక చప్పట్లు కొట్టేశాను.

"ఇన్నాళ్ళలో ఒక్కసారైనా భేష్ అనలేదేం తల్లీ?" అంది టైలరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"అంటే మీరు నా మొహం చూసుకుంటూ నడుస్తారు పెద్దమ్మా. షాపులో నా మొహం ఉండదుగా."

ఆ రాతిమొహం వెనక ఇంత ఆలోచన ఉందని నాకప్పుడు తెలిసింది. ఇక అప్పట్నుంచి వారం వారం గుడ్డ పట్టుకుని ఆ షాపుకు బయల్దేరుతోంది వదిన, దిండు గలీబులు కుట్టించడానికట. "గుడ్డ అందుకోడానికి ఆవిడ లేస్తుంది కదా, ఎలా లేస్తోందో చూసొస్తాను," అని అన్నయ్యతో అంటుంటే విన్నాను. గలీబులతో బీరువా నిండిపోయి, నా చొక్కాలు తలుపు కొక్కేనికెక్కాయి.

మొన్న కుట్టినవి తేవడానికి నేను వెళ్ళాను. "మీ వదినకి ఇన్ని దిండ్లెందుకు బాబూ?" అని అడిగింది టైలరమ్మ.

"మా ఇంట్లో అందరికీ నిద్ర ఎక్కువ లెండి," అన్నాను.