బొట్టు పెట్టిన ఫ్లాపీలు

అది 1987. విశాఖపట్నం నుంచి పల్లెలకు వెళ్ళి కంటి శిబిరాలు పెట్టే ఒక సేవాసంస్థ వ్యాన్‌లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. బడి మెట్లు ఎక్కినదాన్ని కాను. పోర్టులో గుమాస్తాగా చేసిన నాన్నగారే ఇంట్లో అక్షరాలూ, లెక్కలూ, చివరికి టైపూ నేర్పారు. ఆ టైపే నాకు అన్నం పెట్టింది. నాన్నగారికీ, సింహాద్రి అప్పన్నకీ రోజూ దణ్ణం పెట్టుకునే బయల్దేరేదాన్ని.

బల్లమీద కదలకుండా ఉండాల్సిన కంప్యూటర్‌ని నెలకు ఇరవై రోజులు రోడ్డుమీద తిప్పేవాళ్ళం. మానిటర్‌కి బొంత చుట్టి, సీట్ల మధ్య ఇరికించి, పాత చీరతో కట్టేదాన్ని. ఫ్లాపీ డ్రైవ్‌లో, అంటే ఫ్లాపీ పెట్టి చదివించే అరలో, వ్యాన్ కదిలే ముందు అట్టముక్క దూర్చాలి. లేకపోతే ఫ్లాపీని చదివే లోపలి హెడ్‌లు కుదుపులకి దెబ్బతింటాయి. భీమిలి వైపు ఉప్పుగాలి, లోపలి ఊళ్ళలో ఎర్రదుమ్ము. పని కాగానే ముందు దానిమీద గుడ్డ కప్పి, ఆ తర్వాతే నేను మొహం కడుక్కునేదాన్ని.

ఆ దసరాకి పద్మనాభం దగ్గర ఒక ఊళ్ళో, సెలవులిచ్చిన బడిలో దిగాం. వారం పరీక్షలయ్యాక, ఆయుధపూజ మర్నాడు పొద్దున్నే శుక్లాల ఆపరేషన్లకి బస్సు బయల్దేరాలి. అందులో వెళ్ళాల్సిన పైడితల్లి మామ్మ రోజుకోసారి వ్యాన్ దగ్గరికి వచ్చేది. చూపు ఆనక కిందటేడు వరికోతల్లో కొడవలితో చెయ్యి కోసుకుందట. కళ్ళు బాగుచేయించుకుంటేనే ఈసారి రమ్మన్నారట తోటివాళ్ళు.

“నా పేరు ఆ పెట్టిలోనే ఉందేటమ్మా? ఎక్కడికీ ఎలిపోనేదు కదా?”

“భద్రంగా ఉంది మామ్మా.”

ఆయుధపూజ రానే వచ్చింది. జనరేటరు, స్టెబిలైజరు, మానిటరు, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. పేర్లున్న ఫ్లాపీలు రెండు, ఒకటి అసలు, ఒకటి కాపీ. ఒకదానికి పెట్టి రెండోదాన్ని వదిలేయడానికి మనసొప్పలేదు. ఫ్లాపీ నల్ల కవరుకి చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచే డ్రైవ్ లోపలి బిళ్ళని చదువుతుంది. నున్నగా కనిపించిందని రెండింటికీ తడి కుంకుమ సరిగ్గా అక్కడే అద్దాను.

సాయంత్రం జాబితా ప్రింటు తీద్దామని మొదటిది పెడితే డ్రైవ్ గరగరమంది. చదవలేనంటూ తెరమీద ‘రీడ్ ఎర్రర్’. ఫ్లాపీ బయటికి తీసి చూశాకగాని నేను చేసిన పని నాకు తెలియలేదు. పరీక్షలు రాసిన కాగితాలన్నీ అప్పటికే హైదరాబాద్ ఆఫీసుకి పార్సిలైపోయాయి. ఎవరికి ఏ కన్ను, షుగరెంత, బీపీ ఎంత అన్నది ఇంకెక్కడా లేదు. అది లేనిదే డాక్టరుగారు ఎవరినీ ఆపరేషన్ బల్ల ఎక్కించరు. మళ్ళీ పరీక్షలంటే ఇంకో శిబిరం. ఈలోగా కోతలు అయిపోతాయి.

డ్రైవర్ ఖాదరన్నది పూర్ణా మార్కెట్ దగ్గర ఇల్లు. ఫ్లాపీ చూసి నవ్వేశాడు. “బొట్టెట్టి పిలిసినావు కదా సెల్లెమ్మా, పేర్లన్నీ పేరంటానికి ఎలిపోనాయి.” నా కళ్ళల్లో నీళ్ళు చూసి గొంతు తగ్గించాడు. “నా కేసెట్ మీద ఓపాలి టీ ఒలికిపోనాది. టేపు కడిగి నీడన ఆరబెట్టినాను. మళ్ళీ పాడింది. ఇదీ అలాటిదే కదేటి?”

“నీళ్ళల్లో ముంచమంటావా అన్నా?”

“కొళాయి నీళ్ళొద్దు. బేటరీలో పోసే నీళ్ళున్నాయి, సుబ్బరంగా ఉంటాయి.”

“పాడైపోతే?”

“ఇప్పుడు బాగుందేటి?”

డ్రైవ్‌లో పెట్టని కాపీనే ఎంచుకున్నాం. కవరు అంచు బ్లేడుతో కోసి, లోపలి గోధుమరంగు బిళ్ళని తీశాను. బేటరీ నీళ్ళలో, వేలు నొక్కకుండా కడిగాను. కుంకుమ పొగలా విడిపోయింది. మెత్తటి గుడ్డమీద ఆరబెట్టి, ఖాళీ ఫ్లాపీ ఒకటి కోసి దాని కవర్లోకి మార్చి, కంప్యూటర్‌కి కుంకుమ అంటకుండా మిగిలిన రెండో డ్రైవ్‌లో పెట్టాను. అప్పన్నా అనుకుని మీట నొక్కాను. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత పేర్లు ఒకటొకటిగా వచ్చాయి. వెంటనే కొత్త ఫ్లాపీలోకి కాపీ చేసి, ప్రింటు తీశాను.

పొద్దున్న బస్సు దగ్గర పేర్లు చదివాను. పైడితల్లి మామ్మ తన పేరు రెండుసార్లు చదివించుకుని, నా మొహంలోకి వంగి చూసింది.

“కళ్ళెర్రగున్నాయేటమ్మా? నీక్కూడా ఆపరేసనేటి?”

“నాకు అయిపోయింది మామ్మా, నువ్వెక్కు.”

ఆ ఏడు ఆమె కోతలకి వెళ్ళిందని తర్వాత తెలిసింది. ఖాదరన్నకి ఎంత చెప్పుకున్నా తక్కువే.

దుమ్ముకీ, ఉప్పుకీ, కుదుపులకీ కాపలా కాశాను గానీ, ప్రేమకొద్దీ నేనే పాడుచేస్తానని అనుకోలేదు. ఆయుధపూజ మానలేదు. బొట్టు బల్లకి పెడతాను, కంప్యూటర్‌కి దణ్ణం పెట్టి ఊరుకుంటాను. రెండో కాపీ మాత్రం అప్పటినుంచీ డాక్టరుగారి జీపులో, నా భక్తికి అందనంత దూరంలో ప్రయాణం చేసింది.